నీలానికి మొలిచిన పచ్చ తోక

2022లో దసరా సెలవుల తర్వాతి వారం. విజయవాడ శివార్లలోని ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేను టెక్నికల్ అసిస్టెంట్‌ని. అక్కడికి అందరూ వెలుగులోకి రావాలని వస్తారు. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా డార్క్‌రూమ్ ఇన్‌ఛార్జిని.

మా పని ఓఎల్ఈడీ పదార్థాల మీద. ఖరీదైన ఫోన్ల తెరల్లో కరెంటు పారగానే తమంతట తామే వెలిగే పల్చటి ఆర్గానిక్ పొరలవి. ఆర్గానిక్ అనగానే చల్లపల్లిలో మా మామగారు, "అంటే ఎరువులు వెయ్యరా అల్లుడు గారూ?" అని అడిగారు. కార్బన్‌తో కట్టిన పదార్థాలండీ అని చెప్తే, "పురుగు పడుతుందా మరి?" అన్నారు. పురుగు పట్టదు గానీ ఆయుష్షుతోనే చిక్కు. ఎరుపు, ఆకుపచ్చ చాలాకాలం వెలుగుతాయి. నీలం తొందరగా అలిసిపోతుంది. నిలిచే నీలం కోసమే మా తంటాలన్నీ.

శ్రావణి పెడనలోని చేనేత కుటుంబం నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థిని. రెండేళ్లు కష్టపడి ఒక నీలం మాలిక్యూల్ తయారుచేసింది. దాన్ని కొలిచేది ఫ్లోరిమీటర్. వస్తువు మీద కాంతి వేస్తే అది తిరిగి ఏయే రంగులు వెదజల్లుతుందో గ్రాఫ్ గీసి చూపించే యంత్రం. సెలవులకు ముందు ఆ గ్రాఫ్‌లో ఉన్నది ఒకే ఒక్క నీలం శిఖరం. సెలవులయ్యాక చూస్తే దాని పక్కన పచ్చటి తోక మొలిచింది.

గాలి తగిలి పాడైన నీలం పచ్చబడటం మా వృత్తిలో అందరికీ తెలిసిన జబ్బే. పచ్చగా ఉండమని పెద్దలు మనుషుల్ని దీవిస్తారు, మాలిక్యూల్‌కి మాత్రం అది శాపం. శ్రావణి కొత్తగా శుద్ధిచేసి మళ్లీ పెట్టింది. అదే తోక. ఆమె గైడ్ ప్రొఫెసర్ గారు గ్రాఫ్ చూసి నెమ్మదిగా చెప్పారు: "సోమవారం దాకా చూద్దామమ్మా. తగ్గకపోతే దీన్ని వదిలేసి కొత్తది మొదలుపెట్టు."

ఫెలోషిప్‌లో మిగిలింది ఒక్క ఏడాది. కొత్తది మొదలుపెడితే థీసిస్ పూర్తికాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం డార్క్‌రూమ్‌లో యూవీ దీపం కింద శ్రావణి గాజు ముక్క మీద పూసిన తన నీలం పొరను పట్టుకుని నిలబడింది. "చూడండి బాబాయ్ గారూ, కంటికి నీలంగానే ఉంది."

"కన్ను పొరబడుతుందమ్మా. యంత్రం పొరబడదు" అన్నాను, ఎంతో అనుభవమున్నవాడిలా.

అప్పుడే చీపురుతో నాంచారమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కొండపల్లి నుంచి బస్సులో వచ్చి మా అంతస్తంతా శుభ్రం చేసే మనిషి. "ఏంటమ్మా ఈ చీకటి? కరెంటు పోయిందా?"

శ్రావణి దీపం అటు తిప్పింది. నాంచారమ్మ పాదాలు ధగధగమని పసిమి పచ్చగా వెలిగాయి.

"అమ్మో! నా కాళ్లకేమైంది సారూ?"

"కాళ్లకేం రాసుకున్నావు?"

"శుక్రవారం కదా, పసుపు! ఇంకేం రాసుకుంటాను?"

శ్రావణి నవ్వబోయి ఆగిపోయింది. "ఈ పచ్చ ఎక్కడో చూశాను బాబాయ్ గారూ."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయుధపూజ రోజున యంత్రాలన్నిటికీ బయట బొట్లు పెట్టాను. ఫ్లోరిమీటర్ అంటే నాకు మరీ ముద్దు. అందుకని మూత తెరిచి, లోపల శాంపిల్ పెట్టే హోల్డర్‌కే పసుపు రాసి మరీ కుంకుమ పెట్టాను. ప్రొఫెసర్ గారి కంట పడకూడదని పైపైన తుడిచేశాను కూడా.

శాంపిల్ లేకుండా ఖాళీ హోల్డర్‌ని కొలిచాం. తోక ఒక్కటే వచ్చింది, నీలం లేకుండా. ఆల్కహాల్‌తో నాలుగుసార్లు కడిగి మళ్లీ కొలిచాం. గీత నేలకి అంటుకుపోయింది. తర్వాత ఆమె పొర పెట్టాం. ఒకే ఒక్క నీలం శిఖరం!

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"ముందు ఖాళీ హోల్డర్ కొలవాల్సింది నేను కదా. సగం నాది" అంది. కళ్లు తుడుచుకుంటూనే నాంచారమ్మని గట్టిగా వాటేసుకుంది.

"చీర నలుగుద్ది, వదులమ్మా!" అంది నాంచారమ్మ. ఏం జరిగిందో చెప్తే, "అయితే వచ్చే శుక్రవారం మొహానికీ రాసుకొస్తా. మీ చదువులకి ఇంకాస్త పనికొస్తానేమో" అని ఊడ్చుకుంటూ పోయింది.

సోమవారం శ్రావణి ప్రొఫెసర్ గారితో "హోల్డర్ మీద మరక ఉందండీ" అని మాత్రమే చెప్పింది, నా పేరు ఎత్తకుండా. ఆ మంచితనం కింద దాక్కోవడానికి మనసొప్పలేదు. "ఆ పసుపు నాదండీ" అన్నాను. "బొట్టు మానకండి. మూతకి బయట పెట్టండి" అన్నారు ప్రొఫెసర్ గారు.

ఆ నీలం మీదే శ్రావణి థీసిస్ పూర్తిచేసింది. ఆ వారంలో ఆమె మాలిక్యూల్ పాడైందని ఎన్నిసార్లు తలూపానో లెక్కలేదు. మధ్యలో నా చెయ్యేమైనా పడిందేమోనన్న అనుమానం ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు ఏ విద్యార్థి దిగాలుగా గ్రాఫ్ పట్టుకొచ్చినా, వాళ్ల శాంపిల్ పక్కన పెట్టించి ముందు నా ఖాళీ హోల్డర్ కొలుస్తాను. గీత నేలమీద పడుకుని ఉందని తేలాకే నోరు తెరుస్తాను.