మూత తియ్, అల్లుడా

సిరిసిల్ల సాంచాల ఆనందానికి ఒకటే గుణం. ఎదుటివాడి సద్దిడబ్బాలో ఏముందో తెలుసుకోకుండా ఆయన ప్రాణం నిలవదు. తెలుసుకోవడమంటే అడిగి ఊరుకోవడం కాదు. మూత తీయించాలి, వాసన పట్టాలి, ఒక ముద్ద నోట్లో వేసుకోవాలి, ఆపైన తీర్పు చెప్పాలి. బస్సులో ఆయన పక్క సీటు దొరికిన పాపానికి వేములవాడ భక్తులు రాజన్న కంటే ముందు ఆనందానికి నైవేద్యం పెట్టి దిగేవారు. "మూత తియ్" అన్న మాట ఆయన నోట వినని మనిషి ఆ పట్టణంలో లేడు.

ఈ గుణం వల్ల భార్య సరోజన పడ్డ తలవంపులు అన్నీ ఇన్నీ కావు. పెళ్లిచూపులనాడు పిల్లను చూడకముందే వంటింట్లో దూరి గిన్నె మూత తీసిన మహానుభావుడాయన. "పిల్ల నచ్చిందా?" అని పెద్దలడిగితే "పచ్చిపులుసు నచ్చింది" అన్నాడు. పెద్దలు దాన్నే అంగీకారంగా తీసుకుని లగ్గం పెట్టుకున్నారు.

తిన్నది ఎక్కడికి పోతుంది? ఆనందం లూనా ఎక్కితే లూనా కనబడేది కాదు. మనిషి ఒక్కడే కూర్చున్నవాడు కూర్చున్నట్టుగా బజారులో తేలిపోతున్నట్టుండేది. రిపేరు చేసే మిస్త్రీ ఆయన దూరం నుంచి కనబడితేనే స్పానర్లు చేతికి తీసుకునేవాడు.

మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు. బీవై నగర్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో కొన్ని సాంచాలు, వాటి మీద బతికే పది మంది, ఇదీ ఆనందం రాజ్యం. షావుకారు నూలు ఇస్తే బట్ట నేయించి ఇచ్చే చిన్న ఆసామి. పొద్దున్నుంచీ టకటకమని చెవులు హోరెత్తించే సాంచాలు మధ్యాహ్నం ఆగగానే ఆయన పని మొదలయ్యేది. సరోజన కట్టిచ్చిన నాలుగు గిన్నెల క్యారియర్ నడుమ పెట్టి, తాను మాత్రం డబ్బా డబ్బాకూ తిరిగేవాడు.

"నాగవ్వా, ఏం తెచ్చినవ్?"

కండెలు చుట్టే నాగవ్వ డబ్బాను కొంగు చాటున దాచేది. "వంకాయ అన్నా. నీకు పడదు."

"మూత తియ్." ఒక ముద్ద లోపలికి పోయేది. "చింతపండు ఎక్కువైంది. పొద్దుగాల మొగనితోని కొట్లాడినవా?"

"నీకెట్ల తెలిసింది?"

"కూర చెప్తది."

సాయంత్రం ఖాళీ క్యారియర్ ఇంటికి తిరిగొచ్చేది. "ఎట్లున్నది కూర?" అని సరోజన ఆశగా అడిగేది. "ఉప్పు తక్కువైంది" అనేవాడు ఆనందం. మర్నాడు ఆమె చిటికెడు ఎక్కువ వేసేది. "ఉప్పు తక్కువైంది." ఇంకో చిటికెడు. చిత్రమేమిటంటే రాత్రి ఇంట్లో తినేదానికి ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. మొగవాళ్ల నాలుకలు పగలొక తీరు, రాత్రొక తీరు ఉంటాయేమోనని ఆమె సరిపెట్టుకుంది.

ఆ రోజుల్లో సిరిసిల్లలో ఏ మాట పుట్టినా రెండు చోట్లకు పోయేది. ఒకటి ఠాణాకు, రెండు అడవికి. కూలీల సద్ది కూడా వదలని ఆసామి ఒకడున్నాడన్న మాట ముందు అడవికి చేరింది. ఒకనాడు మధ్యాహ్నం భుజాన సంచులతో ఇద్దరు అన్నలు షెడ్డులోకి వచ్చారు. అందరూ డబ్బాల మూతలు పెట్టేశారు.

"కార్మికుల సద్ది దోపిడి చేస్తున్నవని నీ మీద ఫిర్యాదున్నది," అన్నాడు పెద్దవాడు.

"దోపిడి గాదన్నా, రుచి సూస్తున్న," అన్నాడు ఆనందం. అని, ప్రాణభయం ఉన్న మనిషెవడూ చేయని పని చేశాడు. "మీ సంచిల ఏముంది? మూత తియ్యుండ్రి."

పెద్దాయన బిత్తరపోయి సంచి విప్పాడు. ఒట్టి అటుకులు.

"ఉల్లిగడ్డన్న లేదా? గిట్ల తినుకుంట ఇప్లవం ఎన్నటికి తెస్తరన్నా? కూసోండ్రి."

విచారణ వాయిదా పడింది. మిగిలింది దారిలో తింటామని అన్నలు క్యారియర్‌తో సహా వెళ్లిపోయారు. సరోజన మూడు రోజులు అన్నం ముట్టలేదు. "మా తల్లిగారు పెట్టిన క్యారియర్. అడవిల కలిసిపాయె," అని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పి ఏడ్చింది.

తల్లిగారు పెట్టింది కాబట్టి దాని మీద పేరు కొట్టించి ఉంది. గాజుల ఆనందం, సిరిసిల్ల. కొద్దిరోజులకు అడవిలో గాలింపు చేసిన పోలీసులకు ఆ క్యారియర్ దొరికింది. ఈసారి ఠాణా వంతు.

"ఇది నీదేనా?" అని గద్దించాడు సర్కిల్ సారు.

ఆనందం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాదే సార్. నాలుగు గిన్నెలుండాలె, మూడే ఉన్నయి. ఇంకోటి మీ దగ్గర ఉన్నదా?"

అప్పుడే మూలన ఒక జవాను హోటలు పొట్లం విప్పుతున్నాడు. ఆనందం అటు నడిచి, ముద్ద నోట్లో వేసుకుని, సర్కిల్ సారు వైపు తిరిగి, "పప్పు ఉడకలే సార్. పిలగాండ్లకు గిది పెట్టి తుపాకులు మోపిస్తుండ్రా?" అన్నాడు. వీడు ఎవడికైనా తిండి పెడతాడు గాని కుట్ర చేసేంత తీరిక వీడికి లేదని సారుకు అర్థమైంది. మూడు గిన్నెలతో ఇంటికి పంపేశాడు.

ఆ దేహాన్ని మోసి మోసి చివరికి మోకాళ్లు మొరాయించాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. కోరుట్లలో ఉండే చెల్లెలు రాజక్క భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. అక్కడి నుంచి ఫోను చేశాడు. "బావా, మా కఫీలు, గదే మా అరబ్బు సేటు, కడుపు చిన్నగ చేయించుకున్నడు. నీకంటె డబులుండె. ఇప్పుడు ఒంటె ఎనుక ఉరుకుతుండు." ఒంటెల వెనక ఉరికే అవసరం సిరిసిల్లలో ఎవరికీ లేకపోయినా, సరోజన పట్టుబట్టి మొగుణ్ని హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషను చేయించింది.

"కడుపు ఇప్పుడు గుప్పెడంత ఉంది," అన్నాడు డాక్టరు. "ముందు నీళ్లలాంటివి, తర్వాత పల్చటి గంజి, జావ. నెల దాటేదాకా గట్టి మెతుకు లోపలికి పోవద్దమ్మా. పోతే కుట్లు తెగి ప్రాణం మీదికొస్తుంది." సరోజన ఆ మాటను కొంగున ముడేసుకుంది. మొగుడు క్షేమంగా నెల గట్టెక్కితే రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది.

ఇంటికొచ్చాక ఒక పొద్దున పెసరకట్టు గ్లాసు పక్కన పెట్టి ఆనందం దిగులుగా ఆమె వైపు చూశాడు.

"సరోజనా, నాకు ఆకలైతలేదు."

ఇంట్లో ఎవరో పోయారన్న కబురులాగా చెప్పాడు ఆ మాట. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ నోట ఆ మాట వినలేదు. గ్లాసు పెసరకట్టు గుక్క గుక్క తాగడానికి పూటంతా పట్టేది. మూడు చెంచాలకు ఎక్కిళ్లు వచ్చి కడుపు నిండిందని చెప్పేవి. పక్కింట్లో తాళింపు వేస్తే ముక్కు మూసుకునేవాడు. తలకాయకూర వాసన పట్టి వీధి చివర నుంచి ఇల్లు గుర్తుపట్టిన మనిషి, ఉల్లిగడ్డ వేగితే కిటికీ వేయమనేవాడు.

పలకరింపులకు వచ్చే చుట్టాలతో ఇంకో తద్దినం. ప్రతివారూ ఒక బ్రెడ్డు, నాలుగు ఆపిలు పండ్లు, ఒక అనుమానం పట్టుకొచ్చేవారు. "గింత బక్కగైండు, ఇంకేదన్న రోగమా?" అని చెవిలో అడిగేవారు. లావుగా ఉన్నన్నాళ్లూ తగ్గమన్నది కూడా వాళ్లే. రాజక్క కోరుట్ల నుంచి డబ్బా నిండా నువ్వుల లడ్డూలు తెచ్చింది.

"ఒక్కటి తింటే ఏమైతది వదినె? డాక్టర్‌కు మన పానాలేం తెలుసు?"

సరోజన నీళ్లకు పోయి వచ్చేలోపల అన్న నోట్లో పావు లడ్డూ పెట్టింది. కాసేపటికి ఆనందానికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచం మీద వాలిపోయాడు. "దిష్టి," అని తేల్చి రాజక్క మిరపకాయలు తిప్పేసింది. ఆయన తేరుకునేదాకా సరోజన ఆమెతో మాట్లాడలేదు. తేరుకున్నాక మాట్లాడిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

తిరగగలిగే ఓపిక రాగానే ఆనందం షెడ్డుకు బయల్దేరాడు. బయల్దేరుతూ ఒక కోరిక కోరాడు.

"క్యారియర్ కట్టు. ఎప్పటి లెక్కనే, నిండుగ."

"ఎవలు తింటరు?"

"ఎవలు తినరు. ఆసామి ఒట్టి చేతులతోని పోతే ఇజ్జత్ ఏముంటది? తీసుకపోత, తీసుకొస్త."

సరోజన కట్టిచ్చింది. సాయంత్రం క్యారియర్ కడిగిన ముత్యంలా ఖాళీగా వచ్చింది. ఆమె ఒక్కో గిన్నె విప్పి చూసింది.

"తిన్నవా?"

"రాజన్న మీద ఒట్టు. మెతుకు ముట్టలే."

"మరి కూరెటు పోయింది?"

ఆనందం తల గోక్కున్నాడు. "ఉప్పు తక్కువైంది," అన్నాడు అలవాటుగా.

ఇంకేం కావాలి? తినకపోతే ఉప్పు సంగతి ఎలా తెలుస్తుంది? కుట్లు తెగిపోతాయి, మనిషి దక్కడు, అనుకుంది ఆమె. మర్నాడూ ఖాళీయే. ఆ మర్నాడు, "జెర మాంసం ఎక్కువెయ్యి" అన్నాడు. ఇక లాభం లేదని, కళ్లారా పట్టుకుని నలుగురిలో కడిగేద్దామని సరోజన మధ్యాహ్నం వేళకు షెడ్డుకు పోయి నూలు బేళ్ల వెనక నిలబడింది.

సాంచాలు ఆగాయి. ఆనందం క్యారియర్ నడుమ పెట్టి లేచాడు. పాత ఆనందంలో సగమున్నాడు గాని గుణంలో ఇసుమంత తగ్గలేదు. ముద్ద పెట్టుకునే యోగం పోయింది కాబట్టి వాసన పట్టే తీర్పు చెబుతున్నాడు. తిరిగి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి కూర్చున్న ఐలయ్య దగ్గర ఆగాడు. ఐలయ్య సాంచాలు నడిపేవాడు, వరుసకు అల్లుడు. బట్ట కదలక, నూలు సరిగ్గా రాక, కొన్నాళ్లుగా అతనికి సగం పనే దొరుకుతోంది.

"అల్లుడా, మూత తియ్."

"ఏం లేదు మామా. నాకియ్యాల గూడ ఆకలైతలేదు."

"ఆకలైతలేదు అనే మాట నాది. హైదరాబాద్ పోయి కడుపు కోయించుకొని తెచ్చుకున్న. నీకెక్కడిది? మూత తియ్."

ఐలయ్య మూత తీశాడు. నూకల గంజి. అడుగు కనబడేంత పల్చన. ఆనందం మొహం మాత్రం పెళ్లి భోజనం చూసినట్టు వెలిగిపోయింది.

"అరే, గిదే కదరా డాక్టర్ నాకు చెప్పింది. మీ అత్త పెసరకట్టు పోసి పోసి నా పాణం తీస్తుంది. గీ డబ్బ నాకియ్యి. నా క్యారియర్ నువ్వు ఖాళీ చెయ్. నిండుగ తీసుకపోతే ఆమె ఊకుంటదా?"

"ఇయ్యాల గూడ గంతనా? నా ఒక్కనితోని ఏమైతది మామా?"

"మిగిలింది పోరగాండ్లకు తీసుకపో. గిన్నెలు కడిగియ్యి, సాలు." ఆయన గంజి మూడు చెంచాలు తాగాడు. ఎక్కిళ్లు వచ్చాయి. "మొన్నటికంటె నయమున్నది. జిలకర జెర మాడింది, నీ పెండ్లాం సత్యవ్వకు చెప్పు."

"చెప్త మామా. నీ మందని రోజు జెప్పకుంటనే వడకట్టి పంపుతుంది," అన్నాడు ఐలయ్య. ఆ మాట అన్నప్పుడు అతని తల గోడ వైపు లేదు.

బేళ్ల వెనక నుంచి సరోజన అంతా చూసింది. అంత ఖర్చు పెట్టి, పొట్ట కోయించుకుని, పెద్ద డాక్టరు చేత చెప్పించుకున్న తిండి ఐలయ్య ఇంట్లో ఏ డాక్టరూ చెప్పకుండానే వండుకుంటున్నారు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది. నీళ్లకని అటొచ్చిన నాగవ్వ ఆమెను చూసి గతుక్కుమంది.

"ఎన్నొద్దుల సంది నడుస్తుంది గిది?" అని గుసగుసగా అడిగింది సరోజన.

"గిప్పుడు గంజి సాకు దొరికింది వదినె. ఆపరేషన్‌కు ముందు, 'నీ తొక్కు బాగున్నది, నాది నువ్వు తిను' అనెటోడు. ఎవ్వల డబ్బ తేలికగుంటె క్యారియర్ గా దిక్కు పోతుండె. ఏండ్ల సంది నీ క్యారియర్ కూర తిన్నది మేమే. ఆయనకు దాని రుచే తెల్వది."

"రుచే తెల్వదా? మరి రోజు ఉప్పు తక్కువైంది అంటడు కదా?"

"ఏమనుకోకు వదినె. గదే అడుగుదామనుకుంటున్న. మస్తు ఉప్పైతది. తిన్నంక అందరం కడివెడు నీళ్లు తాగుతం."

సరోజన ఎవరినీ కడగకుండానే ఇంటికి వచ్చేసింది. సాయంత్రం ఆనందం యథాప్రకారం ఉప్పు తక్కువైందన్నాడు. "అట్లనా?" అంది ఆమె, అంతే. ఆ రాత్రి పెసరకట్టు బదులు గంజి కాచి ఇచ్చింది. ఆయన చెంచా తాగి పక్కన పెట్టి, "సత్యవ్వ చేసిన లెక్క లేదు," అనబోయి నాలిక కరుచుకున్నాడు.

నెల గడిచింది. హైదరాబాదులో డాక్టరు చూసి, కుట్లు బాగా మానాయని, ఇక మెత్తగా కలిపిన అన్నం నాలుగు ముద్దలు తినవచ్చని చెప్పాడు. తిరుగు బస్సులో ఆనందం చిన్నపిల్లాడిలా ఆ నాలుగు ముద్దల గురించే మాట్లాడాడు. వేములవాడలో కోడెను కట్టి, మొక్కు తీర్చుకుని ఇంటికొచ్చారు. సరోజన బజారుకు పోయి అయిదు గిన్నెల కొత్త క్యారియర్ కొంది. "పేరేం కొట్టాలె?" అని దుకాణదారు అడిగాడు. "ఏం కొట్టకు," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమే క్యారియర్ మోసుకుని షెడ్డుకు పోయింది. లోపల అప్పటికే ఐలయ్య డబ్బాను వెనక్కి జరిపి కూర్చుని ఉన్నాడు.

"మామా, అన్నం తినచ్చని డాక్టర్ చెప్పిండంట కదా. ఇగ నా గంజితోని నీకేం పని? నీ క్యారియర్ నువ్వు తిను."

ఆనందం నోరు తెరిచాడు. ఎన్నో డబ్బాల మూతలు తీయించిన మనిషి ఆ ఒక్క డబ్బా ముందు దొంగలా నిలబడ్డాడు.

"ఎవలు చెప్పిండ్రు తినచ్చని?" అంది సరోజన క్యారియర్ నడుమ పెడుతూ. "పొద్దుగాల్నే డాక్టర్ ఫోన్ చేసిండు. పగటి పూట ఇంకో ఏడాది గంజే అన్నడు. గది కూడ నూకలదే ఉండాలెనంట."

"ఏడాదా?" అన్నాడు ఆనందం. ఆయన కళ్లలో నాలుగు ముద్దలూ ఒక్కొక్కటే రాలిపోయాయి.

"ఏడాదే," అంది ఆమె, ఆయన కళ్లలోకి చూస్తూ. ఆయన కూడా ఆమె కళ్లలోకి చూశాడు. చూసి, మెల్లగా ఐలయ్య ముందు చతికిలబడ్డాడు.

"ఇన్నవా అల్లుడా నా ఖర్మ? మూత తియ్."

ఐలయ్య మూత తీశాడు. ఇవతల నాగవ్వ కొత్త క్యారియర్ విప్పి, అందరికీ పంచి, తాను ఒక ముద్ద నోట్లో వేసుకుంది. అలవాటు కొద్దీ నీళ్ల చెంబు కోసం చెయ్యి చాచి మధ్యలో ఆపింది.

"వదినె," అంది నమ్మలేనట్టుగా, "ఇయ్యాల ఉప్పు సరిపోయింది."