మౌలాలి అవుటర్లో దాచిన ఇరవై నిమిషాలు

మొన్న యాప్రాల్ నుంచి మా మనవరాలు వచ్చి, రాజమండ్రిలో ఉన్న మా అక్కను చూసి రమ్మని విమానం టికెట్టు తీసి, ఫోను నా చేతికిచ్చింది. దూరం నాలుగు వందల కిలోమీటర్ల లోపే, ప్రయాణం మాత్రం గంటా పది నిమిషాలట. అంత వేగంగా ఎగిరేది ముప్పావుగంటలో వాలిపోవాలి కదా, మిగతా పాతిక నిమిషాలు ఎవరు దాచారు, ఎక్కడ దాచారు అని నాకు వెంటనే అనుమానం పుట్టింది. పాము కాళ్లు పాముకే తెలుస్తాయి మరి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సికింద్రాబాదులో రైళ్ల టైంటేబుల్ రాసే గదిలో గుమాస్తాను. మౌలాలి దాటాక సికింద్రాబాదు ఎంతో దూరం లేకపోయినా, అక్కడ మా హెడ్ క్లర్కుగారు మరో ఇరవై నిమిషాలు కలిపించేవారు, దారిలో ఆలస్యమైన బండి కూడా ఆఖరికి వేళకే చేరినట్టు కనబడాలని. ఆలస్యం కాని బండి ఆ నిమిషాలు గడిచేదాకా మౌలాలి అవుటర్లో, అంటే స్టేషను బయటి సిగ్నల్ దగ్గర, నిలబడేది. బళ్లకు మేం పాడే లాలి అదేనని నేను గొప్పగా చెప్పుకొనేవాణ్ణి. ఆ పట్టాల పక్క రైల్వే క్వార్టర్లలోనే మా ఇల్లు. కాలనీవాళ్లు అక్కడే సంచులతో దిగి, కాఫీ వేళకు ఇంట్లో ఉండేవారు.

ఆ ధీమాతోనే, మూడు నెలల పాపతో మొదటిసారి ఒంటరిగా వస్తున్న అక్కకు, సికింద్రాబాదు దాకా పోవద్దు, అవుటర్లోనే దిగమని ఉత్తరం రాశాను. నాన్నకు నమ్మకం కుదరలేదు.

"బండి ఆగకపోతే ఏందిరా?"

"ఆగుతది నాన్నా, రాసింది నేనే."

ఆ పొద్దున నాన్నా నేనూ పట్టాల పక్క కాచుకొని ఉంటే, దారిలో ఆలస్యమైన బండి ఆగలేదు. సిగ్నల్ పచ్చగా వెలుగుతోంది. ఒక చేత పాపను, ఇంకో చేత కమ్మీని పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డ అక్క, నన్ను చూస్తూనే దాటిపోయింది. ఎక్కడ దూకుతుందోనని నాన్న చేతులూపుతూ బండి వెంట పరిగెత్తాడు. రిక్షాలో మేం స్టేషను చేరేసరికి అక్క ట్రంకుపెట్టె మీద కూర్చుని, పాపను కొంగులో కప్పుకొని, వచ్చేపోయే ప్రతి ముఖాన్నీ వెతుకుతోంది. ఏడవలేదు.

"నీ నిమిషాలు నువ్వే ఉంచుకో తమ్మీ" అంది.

అప్పటి నుంచి నేను చెప్పిన ఏ వేళనూ ఆమె నమ్మలేదు, పాలు పొంగే వేళతో సహా. నిన్న ఫోనులో, ఎయిర్‌పోర్టుకు రావద్దక్కా, నేనే ఆటోలో వస్తానన్నాను.

"ఎన్నింటికి దిగుతవ్?"

చెప్పాను.

"నువ్ చెప్పినవంటే జెర అనుమానమే. గంట ముందే పోయి కూసుంట."

నవ్వాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆనాడు మేం దాచిన నిమిషాలు మౌలాలిలో కళ్లెదుటే నిలబడి ఉండేవి, దిగి నడిచిపోవచ్చు. ఇప్పుడు వాటిని మబ్బుల్లో దాస్తున్నారు, అక్కడ దిగడానికి కాలనీ లేదు. ఎనభై దాటిన అక్కకు మోకాళ్లు సహకరించవు. అయినా గంట ముందే వచ్చి కూర్చుంటుంది; దిగినచోట తనవాళ్లెవరూ లేకపోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు.