తలుపు తోసిన వంతగాడు

ఏథెన్సులో చెప్పులు కుట్టుకునే తెలెనికోస్ నాటకంలో ఒకే ఒక్కసారి చచ్చిపోయాడు. నిజానికి ఆ చావు అతనిది కాదు. మా విషాద నాటకాల్లో రాజులు చస్తారు, రాణులు చస్తారు. అదైనా జనం కళ్ళముందు కాదు, వెనకనున్న కొయ్య ఇంట్లో, తలుపు వేసుకుని. గుంపుగా పాడుతూ కథకి వంత పలికే వంతగాళ్ళు మాత్రం చావరు. పాడుకుంటూ ఆ ఇంటి ముందున్న ఆట వలయంలోకి వచ్చారంటే ఆఖరి పాట దాకా అక్కడే. లోపల ఎవరి గొంతు తెగుతున్నా వాళ్ళు తలుపు దాటరు. ఎందుకు దాటరని అడిగినవాడు లేడు.

ఆ వసంతంలో ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ పండుగకి తెలెనికోస్ తెల్లగడ్డం ముసుగు తగిలించుకుని ముసలి వంతగాళ్ళలో ఒకడయ్యాడు. అతని తమ్ముడు సిమాకోస్‌కి దక్కింది శవం వేషం. రాణి పొడిచి చంపిన రాజుగా చక్రాల బల్లమీద పడుకుంటే, తలుపు తీసి జనం ముందుకి తోస్తారు.

"నువ్వు పొద్దుటి నుంచీ గొంతు చించుకో అన్నా. నేను హాయిగా పడుకుని వస్తా" అన్నాడు సిమాకోస్.

"గురక పెట్టావంటే ఇంటికి రానివ్వను."

ఎండ నడినెత్తికి వచ్చేవేళ రాజు లోపలికి వెళ్ళాడు. పద్యంలో ఒక కేక వినిపించింది. అది నాటకంలో ఉన్నదే. ఆ వెంటనే ఏదో కూలిన చప్పుడు, ఇంకో కేక.

"అన్నా!"

ఏ రాజూ అలా అరవడు. కొండవాలు మెట్లమీద కూర్చున్న జనం అత్తిపళ్ళు నమలడం ఆపి, ఆహా ఏం నటన అనుకున్నారు. తెలెనికోస్ మాత్రం తమ్ముడి గొంతు గుర్తుపట్టాడు.

నాటకం ప్రకారం ఇప్పుడు ముసలివాళ్ళు తర్జనభర్జన పడాలి, తలా ఒక మాట చొప్పున. లోపలికి వెళ్దామా అని ఒకడు. తొందరపడితే తప్పేమో అని ఇంకొకడు. రాజుని ఒంటరిగా వదిలేస్తామా అని మూడోవాడు. చివరి మాట తెలెనికోస్‌ది: "నిజం తెలిసేదాకా ఇక్కడే నిలుద్దాం." అతను ఆ మాట అంటేనే పాట మొదలవుతుంది.

మాటలు ఒక్కొక్కరినీ దాటుకుంటూ అతని దగ్గరకొచ్చి ఆగాయి. పిల్లంగోవి వాయించేవాడు కళ్ళెత్తి చూశాడు. పక్కనున్న చేపల మిక్కోస్ మోచేత్తో పొడిచాడు. "అనరా! మరిచిపోయావా?"

లోపల మళ్ళీ "అన్నా!"

తెలెనికోస్ తన మాట అనలేదు. వలయం దాటి, తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

బల్ల చక్రం ఊడి పక్కకి ఒరిగిపోయింది. సిమాకోస్ కాలు దాని కింద నలుగుతోంది. తెలెనికోస్ భుజం పెట్టి ఎత్తాడు, లోపలున్నవాళ్ళు తమ్ముణ్ణి లాగారు, ఎవడో చక్రం బిగించాడు. రాజు ముసుగు రెండు ముక్కలై ఉంది. తమ్ముడి పక్కన మోకాళ్ళమీద కూలబడబోతుంటే, నాటకం రాసినాయన వచ్చి అతని మెడ పట్టుకున్నాడు.

"తలుపు తీసే వేళయింది. శవం కావాలి. పడుకో!"

"అయ్యా, నా తమ్ముడు..."

"వాణ్ణి మేం చూసుకుంటాం. పడుకోవయ్యా బాబూ, ఊరంతా ఎదురుగా ఉంది!"

నలుగురు పట్టి పడుకోబెట్టారు. తలుపులు తెరుచుకున్నాయి. బల్ల ఎండలోకి దొర్లింది.

మెట్లమీద గగ్గోలు పుట్టింది. రాజుని కాపాడబోయిన ముసలాయన కూడా పోయాడే! "ఇదెక్కడి అన్యాయం! వంతగాణ్ణి చంపుతారా!" అని ఒక పెద్దాయన లేచి కర్ర ఊపాడు.

రాణి వచ్చి నిలబడింది. రాణి అంటే ఆ వేషం కట్టిన మగాడు, బొగ్గులవాళ్ళ ఊరు అకార్నై నుంచి వచ్చిన నికోబూలోస్, రెండు మేకలంత బరువు మనిషి. ఒక పాదం సరిగ్గా తెలెనికోస్ అంగీమీద మోపి, చేతులు చాచి, ఎందుకు చంపిందో చెప్పడం మొదలుపెట్టింది. ముత్తాతల శాపం దగ్గర ఎత్తుకుంది.

గోడ వెనక నుంచి సన్నగా మూలుగు వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ తెలెనికోస్ శవంలాగే ఉన్నాడు. ముసుగు కళ్ళలోంచి కాస్త ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ముత్తాతలైపోయి తాతలు వచ్చేసరికి మూలుగు ఆగిపోయింది.

లేవబోయాడు. అంగీ కదల్లేదు.

"పొట్ట ఆడించకు" అంది రాణి పెదవి కదపకుండా.

"కాలు తియ్యి. నా తమ్ముడు పోయాడేమో!"

"ఇంకా మా నాన్న సంగతి ఉంది. లేచావంటే తన్నుతా."

వంతగాళ్ళు శోకగీతం పాడుతూ చుట్టూ తిరిగారు. రొమ్ము బాదుకుంటూ మిక్కోస్ అతని మీదకి వంగాడు. "ఏరా, నిజంగానే పోయావా?"

"నేను కాదు, సిమాకోస్. లోపలికెళ్ళి చూసి చెప్పరా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"నేనెలా వెళ్తానురా? వంతగాణ్ణి!" అని మిక్కోస్ పాట అందుకుని వెళ్ళిపోయాడు.

తెలెనికోస్ ముసుగులో ఏడ్చాడు. తెల్లగడ్డం కిందనుంచి నీళ్ళు జారాయి. శవంచేత కూడా కన్నీళ్ళు పెట్టించాడు చూడు ఆ కవి అని ముందు వరుసవాళ్ళు మెచ్చుకున్నారు.

చివరికి రాణి పాదం తీసింది. బల్ల వెనక్కి దొర్లింది, తలుపులు మూతపడ్డాయి. తెలెనికోస్ ముసుగు విసిరికొట్టి పాక్కుంటూ వెళ్ళాడు. సిమాకోస్ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, రెప్ప ఆడుతోంది. నోట్లో తోలు పట్టీ కుక్కి ఉంది. మూలిగితే రాణి మాటలు వినబడవని ఎవరో కుక్కారు.

పట్టీ లాగాడు. సిమాకోస్ ముందు రాణిని తిట్టాడు, తర్వాత కవిని, తర్వాత అన్నని.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?"

"బయట" అన్నాడు తెలెనికోస్.

ఎముకలు కట్టేవాడు వచ్చి కాలు సరిచేస్తుంటే తమ్ముడి తల ఒళ్ళో గట్టిగా పట్టుకు కూర్చున్నాడు. తలుపవతల వంతగాళ్ళు ఆఖరి పాట ఎత్తుకున్నారు. సిమాకోస్ అరవసాగాడు. పట్టీ మళ్ళీ పట్టుకొచ్చిన కవిగారి చెయ్యి తెలెనికోస్ తోసేశాడు.

"అరవనియ్యండి" అన్నాడు.