ఇద్దరు తాతలు

ఆదోనిలో పెద్దత్త ఇల్లు నూనె మిల్లు వెనకే. ఇప్పటికీ వేరుశెనగ చెక్క వాసన తగిలితే, నేనెరగని తాత గుర్తొచ్చి విసుగు పుడుతుంది.

"మీ తాత ఎవర్నీ గట్టిగా ఒక్క మాటన్లేదప్పా" అనేది పెద్దత్త. ఎమ్మిగనూరులో చిన్నత్తేమో, "మీ తాత అరిస్తే వీధంతా లేస్తాండె" అనేది. తాతలెంతమందని నాన్ననడిగాను. అమ్మ తండ్రినీ కలుపుకుని "ఇద్దరు" అన్నాడు. సరే, అత్తకొక తాత అనుకున్నాను.

ఒకసారి అత్తలు దీనిమీదే వాదులాడుతుంటే చిరాకేసి, "మీ నాయనలు వేరే వేరే గదా, ఎందుకు కొట్లాడతారు?" అన్నాను.

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "నిజమేలేప్పా. ఇద్దరితోనూ నేనే కాపురం చేసినా" అంది.

పెద్దత్త చూసింది వానలు పడిన కాలపు తాతను, చిన్నత్త చూసింది కరువు కాలపు తాతను అని నాకు తెలిసేసరికి అవ్వ లేదు. అత్తలకు చెప్తే వినరు. ఇంకా వాదులాడుతూనే ఉన్నారు.