బొత్తాలక్క పెట్టిన పరీక్ష

ఎముకతో బొత్తాలు చేసే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళుగా మిషను ముందు కూర్చున్న మనిషికి బొత్తాలక్క అని కాక ఇంకేం పేరు పెడతారు? ఆవిడ వీధిలో నడిచి వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళ చొక్కాల బొత్తాలు భయపడి వాటంతట అవే కాజాల్లోకి దూరేవని చెప్పుకునేవారు. ఇది కాస్త పెంచిన మాటే. పెంచని మాట ఏమిటంటే, చిటికెన వేలి గోరంత బిళ్ళలో ఆవిడ నాలుగు రంధ్రాలు వేస్తే, కొలత చూడకుండానే ఆ నాలుగూ నాలుగు మూలలా బుద్ధిగా కూర్చునేవి. బరమా పట్టిన కుడి మణికట్టు ఎక్కడ ఆగాలో దానికే తెలుసు. ఆ వర్క్‌షాపులో ఆ విద్య ఇంకెవరికీ పట్టుబడలేదు.

ఆ పనికి ఉన్న జబ్బల్లా దుమ్ము. ఎముకను కోస్తే లేచే తెల్లటి పిండి కనుబొమల మీద పడుతుంది, చెవుల్లో దూరుతుంది, గొంతులో కాపురం పెడుతుంది. మంచినీళ్ళు తాగితే దుమ్ము బురదయి అక్కడే కూర్చుంటుందని బొత్తాలక్క సిద్ధాంతం. దాన్ని కోసుకుంటూ దిగేది ఒక్కటే: ఎదురు కొట్టు ఐసుపెట్టెలో చల్లగా చెమట పట్టి ఉండే నల్ల కూల్‌డ్రింక్. పదకొండేళ్ళుగా అదే వరస: పదకొండు గంటలకు ఒక సీసా, భోజనంలోకి ఒకటి, సాయంత్రం మిషను ఆపాక ఒకటి. కొట్టువాడు ఆవిడ గడప దాటడం చూసే మూత తీసేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు చేతులు కడుక్కునే చోట తడినేల మీద జారింది. పడింది నిలబడ్డ ఎత్తు నుంచే, విరిగింది మాత్రం మేడ మీంచి పడ్డట్టు. అదీ కుడి మణికట్టే.

ఎముకల డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో పొదుపరి. పిండికట్టు వేసింది. ఇంత చిన్న పాటుకి విరగకూడదే అని ఎముకల గట్టిదనం కొలిచే పరీక్ష చేయించింది. కాగితం చూసి పెదవి విరిచింది.

“ఎముకలు పలచబడ్డాయమ్మా. రోజూ ఏం తింటారు, ఏం తాగుతారు?”

బొత్తాలక్క దాచలేదు. మూడు సీసాల సంగతి చెప్పింది.

“మానేయండి” అంది డాక్టరమ్మ. బయట బెంచీల మీద అరవైమంది ఉన్నారు. ఆ ఒక్క ముక్క చెప్పి మందులు రాసి పంపేసింది.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది. ఎందుకంటే ఆ వర్క్‌షాపులో ఎవరి మాటా ఉత్తినే నమ్మరు. ఎముకను తెల్లబరిచే కొత్త పొడి అంటూ ఎవడైనా వస్తే, “మాటలొద్దు, ముక్క వెయ్యి” అంటారు. ఓ గాజుసీసాలో ఆ పొడి కలిపి, అందులో కోతకి పనికిరాని ఎముక ముక్క వేసి, కిటికీలో పెట్టి చూస్తారు. ఎంత పెద్దమనిషి చెప్పినా, కిటికీలో సీసా చెప్పిందే తీర్పు. బొత్తాలక్క ఆ తీర్పుల నీడలోనే ఇరవై ఆరేళ్ళు బతికింది. కాబట్టి పిండికట్టుతోనే వర్క్‌షాపుకి వెళ్ళి, పలచటి ఎముక బిళ్ళ ఒకటి ఏరి, గాజుసీసాలో వేసి, నిండా కూల్‌డ్రింక్ పోసింది.

బొత్తాలకు మెరుగు పెట్టే చెల్లి పక్క బల్ల మీంచి చూసింది. సొంత చెల్లెలు కాదు, పని కలిపిన వరస.

“ఏంటక్కా, తాగడం మానేసి ఎముకకి పోస్తున్నావా?”

“నువ్వు రోజూ పాతది పారబోసి కొత్తది పొయ్యి. నేనెలా తాగేదాన్నో అలా.”

ఆరు వారాలు గడిచాయి. మధ్యలో ఆవిడ ఇంట్లో ఒక్క సీసా ముట్టలేదు. పిండికట్టు విప్పించుకున్న రోజునే వర్క్‌షాపుకి పోయి బిళ్ళ తీసి చూసింది. ముదురు గోధుమ రంగుకి తిరిగింది. అంచు మీద గోటితో నొక్కితే గోరు దిగింది. వంచితే, ఎముక కదా, ఫట్‌మనాలి. అనలేదు. కొంచెం వంగి, మళ్ళీ మెల్లగా సర్దుకుంది.

బొత్తాలక్క అక్కడే బల్ల మీద కూలబడింది. పదకొండేళ్ళు, రోజుకి మూడు సీసాలు! ఆరు వారాలకే బిళ్ళ ఇలా అయితే తన లోపలి ఎముకలు ఏ గతికి వచ్చి ఉంటాయి? మైనపు బొమ్మను ఎండలో పెట్టినట్టు తను నిలువునా కారిపోవడం కళ్ళ ముందు కనిపించింది.

కట్టు విప్పినప్పుడే డాక్టరమ్మ చేతికి కసరత్తులు చెప్పింది. మణికట్టు తిప్పాలి, బట్ట పిండినట్టు పిండాలి, వారం పోయాక చిన్న బరువు ఎత్తాలి. బొత్తాలక్క ఒక్కటీ చెయ్యలేదు. చేతిని మెడకి కట్టిన గుడ్డలో పసిపిల్లలా పడుకోబెట్టింది. తలుపు తీయాలన్నా మొగుణ్ణి పిలిచేది, గరిటె తిప్పాలన్నా మొగుణ్ణే పిలిచేది. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాడు. ముప్ఫై ఏళ్ళు నిలబడి ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంట్లోనూ నిలబడ్డాడు.

నెల తిరిగేసరికి మణికట్టు తుప్పు పట్టిన గొళ్ళెంలా బిగుసుకుపోయింది. వర్క్‌షాపు యజమాని ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“నీ మిషను మీద వేరేవాళ్ళని కూర్చోబెట్టలేదు బొత్తాలక్కా. కూర్చోబెట్టినా ఆ రంధ్రాలు చూడలేం. ఎప్పుడొస్తావో చెప్పు చాలు.”

ఆవిడ గుడ్డలోని చేతిని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. ఆయన వెళ్ళాక గోడకేసి తిరిగి ఏడ్చింది.

కండక్టరుకి నవ్వులాట ఎక్కువే గాని గుండె రాయి కాదు. భార్య ఏడుపు వినలేక, తనకు తెలిసిన పరిశోధన ఒకటి మొదలుపెట్టాడు. వర్క్‌షాపు నుంచి అలాంటి బిళ్ళే ఇంకొకటి తెచ్చి, నిమ్మకాయల రసం ఒక గ్లాసుడు పిండి, అందులో వేశాడు. ఆయన కూడా రోజూ రసం మార్చాడు. వంటింట్లో నిమ్మతొక్కల గుట్ట పెరిగింది. మూడు వారాలకి ఆ బిళ్ళ తోలుముక్కలా వంగింది. ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని భార్య ముక్కు ముందు ఆడించాడు.

“చూడవే! నీ సీసా కంటే నిమ్మకాయే పెద్ద దొంగ. మరి చిన్నప్పట్నుంచీ నువ్వూ నేనూ నిమ్మరసం తాగుతూనే ఉన్నాం కదా? ఈ లెక్కన మనిద్దర్నీ చెంబులో పోసి ఉంచాలి!”

బొత్తాలక్క బిళ్ళ లాక్కుంది. వెలుతురుకి పెట్టి చూసింది. గోటితో నొక్కింది. ఆవిడ మొహంలో దాదాపు రెండు నెలల తర్వాత మొదటిసారి ఆలోచన కదిలింది.

“అయితే నా ఎముకలు కరగలేదంటారా?”

“కరగలేదు. కాబట్టి నీ సీసా నిర్దోషి. నేనిప్పుడే వెళ్ళి చల్లటిది ఒకటి పట్టుకొస్తా!”

“ఆగండి. మీ పరీక్ష మీద మీరే తీర్పు చెప్పేస్తే ఎలా?” అంటూ ఆవిడ లేచింది. “నా సీసా, మీ గ్లాసూ రెండూ తీసుకోండి. డాక్టరమ్మ దగ్గరికి పోదాం.”

ఈసారి వాన పడుతోంది. ఆసుపత్రి బెంచీల మీద పట్టుమని పదిమంది లేరు. డాక్టరమ్మ బల్ల మీద ఒక సీసా, ఒక గ్లాసు, రెండు బిళ్ళలు ప్రత్యక్షమయ్యాయి.

“ఎవరండీ వీళ్ళు, సాక్షులా?” అంది డాక్టరమ్మ.

బొత్తాలక్క మొదటి నుంచీ చెప్పింది. వింటూ వింటూ డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నవ్వలేదు.

“తప్పు నాదేనమ్మా. మానేయమన్నాను గాని ఎందుకో చెప్పలేదు. ఈ బిళ్ళ చచ్చిన ఎముక. దీన్ని తీసుకెళ్ళి పులుపులో స్నానం చేయిస్తే మెత్తబడక ఏం చేస్తుంది? మీరు తాగింది మీ ఎముకల్ని నానబెట్టదు. కడుపులోకి పోతుంది. అక్కడ ఉండే యాసిడ్ ముందు దీని పులుపు ఏపాటిది? పైగా మీ ఎముక బతికున్న ఎముక. పాతది కొంచెం తీసేసుకుంటూ, కొత్తది కొంచెం కట్టుకుంటూ ఉంటుంది.”

“నేను చెప్పానా!” అన్నాడు కండక్టరు. “పాపం ఆ సీసాని అన్యాయంగా అరెస్టు చేశారు.”

“అంత తొందరొద్దండీ” అంది డాక్టరమ్మ. “రోజూ ఈ నల్లటి డ్రింక్ తాగే ఆడవాళ్ళని కొలిచి చూసినప్పుడు, తాగనివాళ్ళ కంటే తుంటి ఎముకలు కాస్త పలచగా ఉండటం కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఎందుకన్నది ఇంకా తేలలేదు. గ్యాసు వల్ల అని అనుకోవడానికి ఆధారం లేదు. అందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ అని కొందరు, కెఫీన్ అని కొందరు అంటున్నారు.”

“చూడు తల్లీ, బస్సులో జేబు కొట్టేసినప్పుడు పక్కన నిలబడ్డవాడల్లా దొంగ కాదు.”

“కాడు. కానీ జేబు పోయిన ప్రతిసారీ అదే మనిషి పక్కనే ఉంటే, ఓ కన్నేసి ఉంచుతారా, లేదా?”

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో కండక్టరుకి ఎవరూ టికెట్టు కొట్టలేదు. ఇవాళ ఈ అమ్మాయి కొట్టింది.

డాక్టరమ్మ బొత్తాలక్క వైపు తిరిగింది. “నాకు ఇంకో అనుమానం ఉంది. ఈ సీసాలు రాకముందు, పదకొండు గంటలకి ఏం తాగేవారు?”

బొత్తాలక్క ఆలోచించింది. ఎప్పటిదో ఒక ఎర్ర ఫ్లాస్కు గుర్తొచ్చింది. “పాలు. ఇంటి నుంచి ఫ్లాస్కులో పట్టుకెళ్ళేదాన్ని. అది కిందపడి లోపలి గాజు పగిలింది. ఆ వారమే ఎదురు కొట్టులో ఐసుపెట్టె పెట్టారు.”

“భోజనంలోకి?”

“అప్పుడూ పాలే. ఆ తర్వాత... సీసాతో కడుపు నిండిపోయేది. అన్నం కూడా సగమే తినేదాన్ని.”

“అదమ్మా సంగతి! సీసా మీ ఎముకని కరిగించలేదు. పాలగ్లాసుని బల్ల మీంచి తోసేసి దాని కుర్చీలో కూర్చుంది. అంతా దాని పాపమే అనను. మీ వయసుకి ఆడవాళ్ళ ఎముక ఎటూ పలచబడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడపట్టున కూర్చునే పని చేస్తారు. అన్నీ కలిశాయి. పాలు మళ్ళీ మొదలుపెట్టండి, మందులు వేసుకోండి, కాస్త ఎండలో నడవండి. అన్నిటికంటే ముందు ఆ చేతిని గుడ్డలోంచి బయటికి తీయండి.”

“విరుగుతుందేమో అనీ...”

“విరిగింది అతుక్కుంది. ఇప్పుడు దాన్ని పాడుచేస్తున్నది మీ భయమే. పని లేని ఎముక ఇంకా సన్నబడుతుందమ్మా. బరువు పడితేనే, తన అవసరం ఉందని దానికి తెలిసేది.”

ఆ చివరి మాట బొత్తాలక్కకి సూటిగా తగిలింది. అవసరం లేదనిపించడం ఎలా ఉంటుందో ఈ రెండు నెలల్లో ఆవిడకి బాగానే తెలిసింది. డాక్టరమ్మ ముందే గుడ్డ ముడి విప్పి, బిగుసుకున్న మణికట్టుని ఒక్క అంగుళం తిప్పింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎముక మాత్రం వంగలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో కసరత్తు బస్సు బయల్దేరింది. తడి తువ్వాలు పిండుతుంటే కండక్టరు పక్కన నిలబడి “రైట్, రైట్!” అనేవాడు. ఆవిడ ఆగితే “ఇక్కడ స్టాపు లేదు, పోనీ” అనేవాడు. “మీరు నోరు మూసుకుంటే ఎక్స్‌ప్రెస్‌లా పోతుంది” అని ఆవిడ. ముందు ఖాళీ గ్లాసు ఎత్తింది. తర్వాత నిండు గ్లాసు, ఆ తర్వాత పప్పుల డబ్బా. గొంతు ఎండినప్పుడల్లా నీళ్ళే తాగింది. బురద సిద్ధాంతం రెండు రోజుల్లో కూలిపోయింది. కూల్‌డ్రింక్ మీద మనసు మాత్రం అంత త్వరగా చావలేదు. ఎదురు కొట్టు ముందు నుంచి నడిచేటప్పుడు అవతలి గోడ మీది పోస్టర్లన్నీ చదువుకుంటూ పోయేది. ఒకటి రెండు సార్లు చదవడానికి పోస్టర్లు చాలక ఓడిపోయింది కూడా. డాక్టరమ్మకి అదీ చెప్పింది. “ఎప్పుడో ఒకసారికి కొంపలు మునగవు, రోజువారీ హోదా ఇవ్వకండి” అంది డాక్టరమ్మ.

మూడు నెలలకి బొత్తాలక్క ఒక పూట పనికి వెళ్ళింది. ఆవిడ మిషను ముందు కూర్చుని, బిళ్ళ బిగించి, బరమా పట్టుకుంది. చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. రంధ్రం పక్కకి పోయింది.

“పర్లేదక్కా, మొదటిదే కదా” అంది మెరుగుల చెల్లి.

“నువ్వు ఊరుకో. దానికి మర్యాదలు నేర్పాలి.”

రెండోదీ పోయింది. మూడోదాంట్లో రెండు రంధ్రాలు నిలిచాయి. ఏడో బిళ్ళలో నాలుగూ కుదిరాయి. మణికట్టు సలుపుతూనే ఉంది, కానీ మాట వింటోంది. బొత్తాలక్క ఆ బొత్తాన్ని దీపం కింద పెట్టి, నాలుగు చిన్న వెలుతురు చుక్కల్ని తృప్తిగా చూసుకుని, పక్కన పెట్టింది.

“బిళ్ళలేవీ?” అని తలెత్తకుండానే అడిగింది.

బిళ్ళల పెట్టె నేల మీద ఉంది. ఎవరూ అందించకముందే ఆవిడ వంగి, కుడిచేత్తోనే దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. పెట్టె నిండుగా ఉంది. మెరుగుల చెల్లి అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంత బరువు ఎత్తావని చెబితే ఎక్కడ భయపడి ఆపేస్తుందో అని చెప్పలేదు. బొత్తాలక్క అప్పటికే ఎనిమిదో బిళ్ళ బిగిస్తోంది.