కారం కజ్జికాయలు, మర్నాటి జవాబు

కజ్జికాయల గురించి నేనడిగిన ఒక్క ప్రశ్నకూ కాత్యాయని గారు అదే రోజు జవాబు చెప్పలేదు. అది అన్యాయం. తెలిసిన సంగతిని రాత్రంతా దాచిపెట్టుకుని మర్నాడు చెప్పడం ఏం న్యాయం? ఇవాళ పొద్దున తార్నాకలో బస్సు దిగగానే బేకరీలోంచి వేడి మైదా వాసన తగిలింది. ఇన్నేళ్లయినా ఆ వాసనతో పాటే కోపమూ వచ్చింది.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు మోసేవాణ్ణి. బడి మధ్యలోనే మానేశాను. బీరువాల మధ్య నిలబడి చదివిందే నా చదువు. కాత్యాయని గారు మా సెక్షన్‌కు పెద్ద. గుంటూరు వైపు మనిషి, కాపురం తార్నాకలో. ఏ సందేహం అడిగినా ఏ పుస్తకం తీయాలో అప్పటికప్పుడు చెప్పేవారు, చదివాక ఏం అర్థమైందో అడిగేవారు. నన్ను అలా అడిగిన మనిషి అంతకుముందు లేరు. అందుకే ఆ కజ్జికాయల దగ్గర ఆవిడ మొహం చాటేయడం నాకు అంతుపట్టేది కాదు.

మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి, డబ్బాలు మధ్యలో పెట్టి, ఒకరిది ఒకరు తినేవారు. ఆవిడ డబ్బాలో కారం కజ్జికాయలుండేవి. ఆదివారం వేయించినవి శుక్రవారం దాకా కరకరలాడేవి. అడిక్‌మెట్‌లో ఒంటరి గది నాది. పొద్దున కాల్చుకున్న రొట్టెను బయట మెట్ల మీద తినేవాణ్ణి. "మల్లయ్యా, ఇటు రావయ్యా" అని ఆవిడ పిలిచేవారు. మధ్యలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకుండా ఇంకొకరి డబ్బాలోకి చెయ్యి ఎలా పోతుంది? నా డబ్బాతో ఆ బల్ల దగ్గర కూర్చోవాలి, అంతే నా పంతం. ఆ కజ్జికాయలే చేయాలనుకున్నాను.

మొదట ఆలుగడ్డ కూర పెట్టి చేశాను. మంగళవారానికల్లా పాడయ్యాయి.

"మేడం, మీయి వారం ఉంటయి, నాయి రెండో రోజుకే వాసనొస్తున్నయి. ఎందుకట్ల?"

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "రేపు చెప్తానయ్యా."

మర్నాడు వచ్చీ రాగానే చెప్పారు. "బంగాళాదుంప తడి. లోపల పొడి సరుకే పెట్టు. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కారం."

పెట్టాను. నూనెలో విచ్చుకుపోయాయి. ఎందుకని అడిగితే మళ్లీ "రేపు" అనే అన్నారు. మర్నాడు, "అంచుకు నీళ్లు రాసి నొక్కి, మీదికి మడత పెట్టాలి" అన్నారు. విచ్చుకోలేదు గాని తెల్లారేసరికి మెత్తబడ్డాయి. "సన్నని సెగ మీద తీరిగ్గా వేయించు. పూర్తిగా చల్లారాకే మూత పెట్టు." అదీ మర్నాడే! పల్లెటూరివాణ్ణని నన్ను ఆడిస్తున్నారనుకున్నాను. ఒక వారమంతా ఆవిడ డబ్బాలో వట్టి అటుకులే కనిపించాయి. ఇదేమిటని అడిగితే, "మా వారు ఊళ్లో లేరయ్యా" అన్నారు. తనొక్కదాని కోసం నూనె మూకుడు ఎందుకు పెడతారులే అనుకున్నాను.

చివరికి ఒక సోమవారం నా డబ్బా కూడా బల్ల మధ్యకు చేరింది. అటెండరు యాదగిరి ఒకటి కొరికాడు.

"మస్తున్నయి మల్లన్నా! ఎవరు చేసిన్రు?"

"నేనే."

"నువ్వా? ఇగ చీర గూడ కట్టుకో. నీకు పెండ్లాం ఎందుకే!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. కాత్యాయని గారు నవ్వలేదు. తన డబ్బాకు మూత పెట్టేశారు. "యాదగిరీ, వెక్కిరించాలనుంటే ముందు చేతిలోది కింద పెట్టు" అన్నారు. ఆ గొంతు అంత కటువుగా నేనెప్పుడూ వినలేదు.

"గట్లయితె తినుకుంట నోర్మూసుకుంట మేడం" అని వాడు మిగతాది నోట్లో వేసుకున్నాడు. నేను బల్ల దగ్గర్నుంచి లేవలేదు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ నాదే.

ఆవిడ రిటైరయ్యాక ఒక ఆదివారం నా కజ్జికాయలు పట్టుకుని తార్నాక వెళ్లాను. తలుపు తీసింది ఆవిడ భర్త. క్యాంపస్‌లో లెక్కలు చెప్పిన మాస్టారు. నలగని చొక్కాలో తప్ప నేనెప్పుడూ చూడని మనిషి లుంగీలో ఉన్నారు, మోచేతుల దాకా మైదా. నేను తెచ్చినవాటిలో ఒకటి తీసుకుని, చెవి దగ్గర విరిచి విన్నారు. "సెగ బాగా పట్టించావోయ్. కొబ్బరి మాత్రం కాస్త వేయించి కలపాలి" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయారు. కజ్జికాయల గురించి నాకు అదే రోజు దొరికిన జవాబు అదొక్కటే, అదీ అడగకుండానే.

ఇప్పటికీ మా ఇంట్లో ఆదివారం మైదా తడిపేది నేనే. ఎవరికి పెట్టినా, చేసింది నేనని ముందే చెప్పి పెడతాను. నవ్వేవాళ్లుంటే తినకముందే నవ్వాలి. కానీ ఆ రోజు ఆ గుమ్మంలో నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేండ్లు ఎందుకు దాచిన్రు మేడం? యాదగిరి నన్ను నవ్వినప్పుడన్న చెప్పకపోతిరి!" అన్నాను.

కాత్యాయని గారు వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించారు.

"నాకు వంట రాదని నవ్వితే పడతానయ్యా. నిన్ను నవ్వితేనే ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఇక ఆయన్ని కూడా తీసుకెళ్లి ఆ బల్ల మీద పెట్టమంటావా?"