సుందర్ రావు సార్ పదకొండు వందల ల్యాండింగులు

మా సుందర్ రావు సార్ జన్మలో విమానం ఎక్కలేదు. కానీ రోజూ సాయంత్రం విమానం నడిపేవాడు. పదకొండు వందలసార్లు దించేదాకా ఒక్కటీ కూలగొట్టలేదు. పైగా విమానం దించేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఇంటికి దొంగ వచ్చినా సరే, ముందు ల్యాండింగ్, తర్వాతే దొంగ.

నాకెలా తెలుసంటారా? వరంగల్ మట్టెవాడలో ఆయన ఇంట్లోనే ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌కు ఎదురుగా నా కుట్టు మిషన్. నేను ఏడో తరగతి దాకానే చదివాను గానీ, మా వాడకట్టులో ఎవరింట్లో ఏ కూర మాడిందో పరీక్ష పెడితే ఫస్టు క్లాసు నాదే.

ఎనభై అయిదులో సార్ బావమరిది యోసేపు మస్కట్ నుంచి ఒక కంప్యూటర్ తెచ్చాడు. కంప్యూటర్ అంటే పెద్దదేం కాదు, రబ్బరు మీటలున్న పలక. దాన్ని చిన్న టీవీకి తగిలించి, టేప్ రికార్డర్లో క్యాసెట్ పెట్టాలి. అది అయిదు నిమిషాలు తోక తొక్కిన పిల్లిలా అరిస్తే టీవీలో విమానం వచ్చేది. విమానమంటే నాలుగు గడియారాలు, ఒక అడ్డగీత. ఆ గీత కింద రెండు నిలువు గీతలు కనబడితే అదే రన్‌వే. మీటలు నొక్కుతూ దాన్ని నడపాలి.

"గీ గీతలు చూసి పైలట్ అయితరా సారూ?" అని అడిగాను ఒకసారి.

"టైపు మిషన్ లేనోళ్లకు నేను అట్ట మీద అక్షరాలు గీసిచ్చి ఇంటికాడ కొట్టుమంట. ఎంతమంది పాసయిండ్రో నీకు ఎరికే గద? వేళ్లకు అట్టేందో మిషనేందో తెల్వది రాజక్కా. నేర్చేది వేళ్లే."

ఇక ఆయనకు అన్నీ అసలు విమానంలో ఉన్నట్టే ఉండాలి. ముఖానికి గాలి కొట్టేలా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. నడుముకు లుంగీతో బెల్టు కట్టుకున్నాడు. కరెంటు పోతే ప్రయాణికులు చచ్చిపోతారని టీవీకీ పలకకూ లారీ బ్యాటరీ తగిలించాడు. ఒక్క ఇంజను చప్పుడే తక్కువైంది, ఎందుకంటే ఆ పలకకు టిక్కుటిక్కు తప్ప గొంతు లేదు. ఆ ఇంజను ఎవరనుకున్నారు? నేనే. నా మిషన్ చప్పుడు కిటికీలోంచి ఆయనకు బాగా వినబడేదట. దారం తెగి నేను ఆగితే చాలు, లోపలి నుంచి కేక.

"రాజక్కా! ఇంజన్ బందయింది! తొక్కు, తొక్కు, కింద గోదావరి ఉంది!"

ఆ కేకలకు భయపడి తొక్కీ తొక్కీ ఆ ఏడాది ఎందరి జాకెట్లకు చేతులు మూసి కుట్టానో లెక్కలేదు.

ఆయన భార్య రాహేలు బాధ వేరు. "అన్నం సల్లారుతాంది, లేవుండ్రి" అంటే, "గాలిల ఉన్న" అనేవాడు. "మా అన్నొచ్చిండు" అంటే, "గాలిల ఉన్న, కూసోబెట్టు." ఒకరోజు పొయ్యి మీది నూనె అంటుకుంటే రాహేలు పెడబొబ్బలు పెట్టింది. "పదివేల అడుగుల మీద ఉన్న, దిగుడు పావుగంట పడ్తది, నువ్వయితే మూత పెట్టు" అన్నాడు. మంట మూతకే చల్లారింది. రాహేలు మాత్రం నెల దాకా చల్లారలేదు.

దించిన ప్రతిసారీ పుస్తకంలో గీత గీసేవాడు. పదకొండు వందల గీతలు. "ఒక్కటి కూలలే" అని పెండ్లికిపోయినా చెప్పేవాడు, చావుకుపోయినా చెప్పేవాడు.

ఇదిలా ఉండగా పక్కింటి కిషన్ రావు బిడ్డ కళావతి హైదరాబాదులో విమానం నేర్చుకుంటోంది. సార్ దగ్గరే టైపు నేర్చిన పిల్ల. ఒకరోజు పెట్టె పట్టుకుని ఇంటికొచ్చేసింది. సంగతేమంటే, దించేటప్పుడు విమానం నేలకు తగిలి బంతిలా పైకి లేస్తోందట. నేర్పే ఆయన, "రెండు వారాలు ఇంటికి పో. వచ్చి ఒక్కసారి సరిగ్గా దించు. దించకపోతే ఇక రానక్కర లేదు" అన్నాడట.

ఈ ముక్క కళావతి తల్లి జాకెట్ కొలతలిస్తూ నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది. అందుకే అందరికీ ఒకేసారి చెప్పలేదు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పాను.

ఒక్కసారి ఎగిరిన విమానం నా గడప దాటేసరికి మూడుసార్లు ఎగిరింది. పోశయ్య కిరాణం దగ్గర దాని రెక్క విరిగింది. కేసముద్రం మార్కెట్ యార్డుకు చేరేసరికి పత్తి బస్తాల మీద పడి, రెండు ఎడ్లు కూడా పోయాయి.

కళావతి చక్కెరకని వెళ్తే పోశయ్య, "ఏం బిడ్డా, నడిచొచ్చినవా, బంతి లెక్క దునుక్కుంట వచ్చినవా?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ పిల్ల చక్కెర అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఇక హైదరాబాదు పోనంది. "టైపు వచ్చు కద నాయినా, ఏదన్న ఆఫీసుల చేరుత" అందట. రెండు వారాల్లో పది రోజులు అలాగే గడిచిపోయాయి.

పదకొండో రోజు ఆదివారం. చర్చి నుంచి రాగానే సుందర్ రావు సార్ టీవీని ఇన్‌స్టిట్యూట్ వరండాలో పెట్టి బెంచీలు వేశాడు. ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు. నా దగ్గరికయితే రెండుసార్లు వచ్చాడు.

"రాజక్కా, నువ్వు తప్పకుంట రావాలె. కళావతికి దించుడు రాలేదంట గద. అసలు ల్యాండింగ్ ఎట్లుంటదో అందరి ముంగట చూపిస్త."

నాలాంటిదానికే అది కొంచెం ఎక్కువనిపించింది. ఉన్న పుండు మీద కారం చల్లడం కాదూ? అయినా అందరికంటే ముందు పోయి ముందు బెంచీలో కూర్చున్నాను. కిషన్ రావు బతిమాలి బిడ్డను తీసుకొచ్చాడు. ఆ పిల్ల తలెత్తలేదు.

సార్ లుంగీ బెల్టు కట్టుకున్నాడు. విమానం వచ్చింది, గీతలు దగ్గరయ్యాయి, నేలకు తగిలింది, ఎగిరింది. సార్ కంగారుగా దాని ముక్కు కిందికి నొక్కాడు. టప్! తెర నల్లబడింది.

పదకొండు వందల తర్వాత మొదటిది!

"ఒక్కొక్కపారి అయితది" అని మళ్లీ మొదలుపెట్టాడు. తగిలింది, ఎగిరింది, నొక్కాడు, టప్. మూడోసారి పోశయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. నాలుగోసారి, "సారూ, నీ బండ్ల ఎవలన్న మిగిలిండ్రా, అందర్నీ ముంచినవా?" అన్నాడు. అయిదు, ఆరు. నేను పొట్ట పట్టుకుని బెంచీ మీంచి జారిపోయాను. సార్ ముఖమంతా చెమట.

ఏడోసారి విమానం ఎగరగానే కళావతి దిగ్గున లేచింది.

"ముక్కు నొక్కకుండ్రి సార్! ఎగిరినప్పుడు నొక్కితేనే కూల్తది! సమంగ పట్టి జర పవర్ ఇయ్యుండ్రి, దానంతటదే కూసుంటది!"

టప్.

"ఏంది బిడ్డా, మళ్లొక్కసారి చెప్పు?" అన్నాడు సార్.

"చెప్పుడు కాదు, లేవుండ్రి సార్, నేను చూపిస్త."

"ఎట్ల లేస్త బిడ్డా, గాలిల ఉన్న."

"మీరు కూలి అయిదు నిమిషాలయింది సార్, లేవుండ్రి!"

కళావతి కూర్చుంది. నేలకు తగిలింది, ఎగిరింది. ఆ పిల్ల ముక్కు నొక్కలేదు. సమంగా పట్టి, కొంచెం పవర్ ఇచ్చి, మెల్లగా కూర్చోబెట్టింది. పోశయ్యే ముందు చప్పట్లు కొట్టాడు. కళావతి తెర వంక కాసేపు చూసి, "గింతేనా!" అంది తనలో తనే.

పొద్దుగూకేలోగా వరంగల్లో కళావతి సంగతి మరిచిపోయారు. నేనే మరిపించాను. సుందర్ రావు సార్ ఏడు విమానాలు కూల్చాడని నేను చెబితే, కాజీపేట దాటేసరికి అవి డెబ్భై అయ్యాయి. కళావతి మర్నాడు పొద్దున బండికే హైదరాబాదు పోయింది.

ఆ పొద్దునే ఆయన్ను ఇంకాస్త ఏడిపిద్దామని కిటికీ దగ్గరికి వెళ్లాను. సార్ ఒక్కడే ఉన్నాడు. తెర మీద విమానం పూరేకు రాలినట్టు నేల మీద వాలింది. పుస్తకంలో గీత గీశాడు. ఇంకోటి దించాడు. మళ్లీ గీత.

"ఏంది చెల్లే, ఒక్క దినంలనే ఇంత మంచిగ వచ్చిందా?" అన్నాను, వాకిలి ఊడుస్తున్న రాహేలుతో.

రాహేలు నన్ను పక్కకు లాగింది. "చిన్నగ అను అక్కా. ఆ పిల్ల ఎట్ల తప్పు చేసిందో వాళ్ల నాయినను అడిగి తెలుసుకున్నడు. గట్లనే కూలగొడ్దామని వారం దినాలు కష్టపడ్డడు. చేతులు మాట వింటే గద! కూల్చుదామని పోవుడు, మంచిగ దింపుడు, 'థూ, మళ్ల దిగింది' అని తల కొట్టుకునుడు. శనివారం రాత్రి మొదటిసారి కూలితే ఖుషీతోని నన్ను లేపి చాయ్ పెట్టిచ్చుకున్నడు."

"మరి నన్నెందుకు రెండుసార్లు పిలిచిండు?"

"నువ్వొచ్చి చూస్తెనే గద ఊరంత ఎరికయ్యేది!"

నాకు కోపం రావాలి. నన్ను మైకు చేసి వాడుకున్నాడు కదా! రాలేదు. ఒక్కసారన్నా ఎవరికో పనికొచ్చే మాట మోశానని లోపల గర్వమే అయింది.

వారం తర్వాత కళావతి లడ్డూల డబ్బాతో వచ్చింది. పాసయింది. ఒక్కతే విమానం తిప్పి దించిందట. అందరూ ఇన్‌స్టిట్యూట్ ముందు పోగయ్యారు. ఆ పిల్ల సార్ చేతిలో లడ్డూ పెట్టి, "మీరు ఇంక ప్రాక్టీస్ చెయ్యాలె సార్, మీ ల్యాండింగ్ ఘోరం" అంది నవ్వుతూ.

"అవు బిడ్డా, ముసలి చేతులు" అన్నాడు సార్ బుద్ధిగా తలూపుతూ.

పోశయ్య పకపకా నవ్వాడు. "పదకొండు వందలన్నడు! అన్నీ ఉత్త మాటలే! అవునా కాదా రాజక్కా, నువ్వు చెప్పు?"

సార్ నా వంక చూశాడు. రాహేలు చూసింది. నిజం నా నాలుక చివరి దాకా వచ్చేసింది. ఇంత పెద్ద కబురు నా జన్మలో దొరకలేదు, ఇక దొరకదు కూడా. ఏం చేయను? డబ్బాలోంచి రెండు లడ్డూలు తీసి, రెండూ ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను.